పదకొండు గజాలు

గ్లాస్గోలో టపా పంచే పని నాది.
ఊరంతా గుట్టలే,
బోర్లించిన గిన్నెల మీద వీధులు పరిచినట్టు.
పందొమ్మిదేళ్లుగా ఈ తోపుడు బండి
ఎక్కడ నన్ను వెనక్కి లాగుతుందో
ఎక్కడ నా మీదికి ఉరుకుతుందో
నా మోకాళ్లకి కంఠతా వచ్చు.

అందుకే ఆ సందు మీద అనుమానం వచ్చింది.
అటు చర్చి గుట్ట, ఇటు ఆసుపత్రి గుట్ట,
నడుమ అరమైలు మేర
చెయ్యి వదిలేసినా బండి కదలదు.
ఇంత చదును ఈ ఊరి వరస కాదు.

"రైలుకి ఎత్తంటే గిట్టదు," అన్నాడు
పద్నాలుగో నంబరు ఇంటి వాట్టీ గిల్‌క్రిస్ట్,
కరెంటు బిల్లు నా చేతిలోంచి అందుకుంటూ.
"గుట్టొస్తే తొలుస్తుంది, పల్లమొస్తే కట్ట పోస్తుంది.
నీ బండి దాని దారిలో పడింది, అంతే."

అలా మొదలయ్యాయి మా ఆదివారాలు.
అతను డెబ్బై ఎనిమిదేళ్లవాడు, నాకు చూడ్డం నేర్పాడు.
వంగాల్సిన పని లేనిచోట
వంగిన పెరటి గోడ.
రెండో అంతస్తులో
ఉత్త గాలిలోకి తెరుచుకునే గోదాము తలుపు.
ఏటి నడుమ నాలుగు రాతి కాళ్లు,
మోయడానికేమీ లేక
కొంగలకి అద్దెకిచ్చినవి.
ఒక వంతెన. కింద నీళ్లు లేవు, రోడ్డు లేదు,
టైర్లు మార్చే కొట్టుంది.
వంతెన ఎందుకని కొట్టు షౌకత్‌ని అడిగితే
"వానకి," అన్నాడు.

పార్కులో గులాబీల మధ్య ఇనుప కటకటాల గొయ్యి.
ముక్కు ఆనించమన్నాడు.
తడి మసి వాసన.
కింద ఎక్కడో నీటి బొట్టు పడింది,
దాని చప్పుడు పైకి రావడానికి
చాలాసేపు పట్టింది.

ఇంకోచోట ముదురు చెట్ల నడుమ
తెల్ల బెరడు చెట్లు, ఒకే ఈడువి, ఒకే వరసలో.
"వీటి వయసెంత?"
అరవై ఉండొచ్చు అన్నాను.
"చివరి బండి పోయాకే కదా
వీటికి చోటు దొరికింది."

నేను ఫొటోలు తీసేదాన్ని.
అతను అడుగులు లెక్కపెట్టేవాడు,
పెదాలు మాత్రం కదిలేవి.
ఇంత ఎలా తెలుసో అడగలేదు.
తండ్రి డ్రైవరనుకున్నాను.
స్టేషన్ క్వార్టర్స్‌లో పెరిగాడేమో అనుకున్నాను.

నవంబరులో, బస్టాపులో, వాన తగ్గే దాకా నిలబడి,
రోడ్డు వైపే చూస్తూ చెప్పాడు.
"ఊడబీకింది నేనే."

పద్దెనిమిదేళ్ల కుర్రాడు.
ఆరుగురు మనుషులు, గ్యాసు కట్టరు, లారీ.
గజానికింతని కూలి.
"ఆ డబ్బుతో పెళ్లి ఉంగరం కొన్నాను.
మంచి ఉంగరమే."
వాన కాసేపు అతని బదులు మాట్లాడింది.

"ఒక శుక్రవారం సాయంత్రం లారీ నిండిపోయింది.
పదకొండు గజాలు మిగిలాయి.
సోమవారం చూద్దామన్నాడు మేస్త్రీ.
సోమవారం మమ్మల్ని వేరే ఊరు పంపాడు.
తర్వాత ఎవరో తారు పోశారు."

బస్సు వచ్చింది. ఎక్కలేదు.
బడి వెనక గేటు దాకా నడిచాం.
కార్లు తిరిగి తిరిగి తారు అరిగినచోట
రెండు గీతలు, తడికి మెరుస్తూ,
కత్తి వాదరంత సన్నం.
నేను కెమెరా తీయలేదు.

అతను ఒక కొసన నిలబడి
మడమకి వేలు ఆనించకుండా, ఒకప్పటిలాగే,
గజానికొక అడుగు చొప్పున కొలిచాడు.
"పద్నాలుగు."
వెనక్కొచ్చి మళ్లీ కొలిచాడు.
పద్నాలుగే.
ఇనుము పెరగదు కదా, అన్నాను.
"అదేలే," అని తన బూట్ల వంక చూసుకున్నాడు.
"అది ఉన్నంతే ఉంది."

సోమవారం ఆ గేటు ముందు
నా బండి రెండుసార్లు ఎగిరింది,
ఉత్తరాలు సర్దుకున్నాయి.
పందొమ్మిదేళ్లుగా ఎగురుతూనే ఉంది.
గతుకనుకున్నాను.